నది ఒక్కసారిగా ఎండిపోయిన రోజు

నిప్పుకొండ కింద పారే నది ఒడ్డున పన్నెండు అడవిబర్రెల మంద ఉండేది. దానికి పెద్ద కర్రెమ్మ. కిందటి వేసవిలో కొండ మండి, వారం రోజులు బూడిద కక్కి చల్లారింది. తొలకరి పడగానే ఒడ్డున గడ్డి ఏపుగా లేవడంతో మంద అక్కడే మకాం పెట్టింది.

నది సంగతి కనిపెట్టే పని చేపలు తిని బతికే బుడగమ్మ అనే నీటికుక్కది. రోజూ మడుగులో మునిగి చూసి మందకు కబురు చెప్పేది. ఒక ఉదయం ఒళ్లంతా బూడిద బురదతో పరుగెత్తుకొచ్చింది.

"వదినా, మందను మిట్ట మీదికి తోలుకుపో. నది అడుగు పైకి లేస్తోంది!"

"అడుగు లేవడమేమిటే?" అంది కర్రెమ్మ.

"కొండ మీది బూడిదంతా కొట్టుకొచ్చి పేరుకుంటోంది. పోయినేడు మడుగులో అడుగు తాకాలంటే నాకు ఊపిరి చాలేది కాదు. ఇవాళ నిలబడితే నీళ్లు మెడ దాకా వచ్చాయి, అంతే. పెద్ద వాన పడితే ఆ నీరంతా ఎక్కడ పడుతుంది?"

పొదలోంచి ఒక నక్క ఇదంతా వింది. మంద వెళ్లిపోతే బర్రెలు ఈనినప్పుడు పడే మాయా పోతుంది, నీరసించిన దూడా పోతుంది. నవ్వుతూ బయటికొచ్చింది.

"అత్తా, ఆ తెల్లబండ చూడు. నీళ్లు ఇంకా దాని నడుముకిందే ఉన్నాయి. ఎందుకీ కంగారు? మీరు వెళ్లిపోతే ఈ ఒడ్డు, చేపలు ఎవరివవుతాయో ఆలోచించు."

"నేను చేపల కోసం చెబుతున్నానా?" అంది బుడగమ్మ.

కర్రెమ్మ తెల్లబండ వైపు చూసింది. నక్క చెప్పినట్టే ఉంది. "నాలుగు రోజులు చూద్దాంలే" అంది.

మూడో రోజు మధ్యాహ్నం కొండ నెత్తిన మబ్బులు కమ్మి ఉరిమాయి. ఒడ్డున మాత్రం చినుకు లేదు. చూస్తుండగానే నది సన్నబడి, చేపలు బురదలో గిలగిలా కొట్టుకున్నాయి.

నక్క నదిలోకి దూకింది. "ఏదీ వరద? రండి, లేత తుంగ నోటికందుతోంది!"

నిండు చూలుతో ఉన్న చుక్క అనే పడుచుబర్రె ఆశగా దిగింది.

బుడగమ్మ మాత్రం ఒడ్డుకు పాకి అరిచింది. "కొండ మీద కుండపోతగా కురుస్తుంటే కింద నది ఎండుతుందా వదినా? పైన బూడిద, చెట్లు అడ్డుపడి నీళ్లు నిలిచిపోయాయి. ఆ అడ్డు తెగిందంటే..."

గిట్టల కింద నేల అదిరింది. కర్రెమ్మ మంద వైపు తిరిగి అరిచింది.

"మిట్టెక్కండి! దూడల్ని ముందు తోలండి! చుక్కా, వచ్చెయ్యే!"

చుక్క తల ఎత్తింది. బరువుగా వెనక్కి తిరిగింది.

వంపు తిరిగి వచ్చినవి నీళ్లు కావు. బూడిదరంగు ముద్ద, ఒడ్డుకంటే ఎత్తుగా. ఏనుగంత బండరాళ్లు సొరకాయల్లా తేలుతూ ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. తెల్లబండ మొదటి తోపుకే మాయమైంది. చుక్క ఉన్నచోటికి కర్రెమ్మ కళ్లు వెళ్లేసరికి అక్కడ ఏమీ లేదు. అరవడానికైనా దానికి వ్యవధి దొరకలేదు.

మిట్ట మీద పదకొండు బర్రెలు నిలబడిపోయాయి. దూడలు కూడా పాలకు ఎగబడలేదు. కింద ఒడ్డు లేదు, గడ్డి లేదు, నది ఎటు పారేదో ఆనవాలు లేదు.

సాయంత్రానికి ఆ ముద్ద గట్టిపడసాగింది. నడుమ ఒక మోడును పట్టుకుని, మెడ దాకా కూరుకుపోయి నక్క కనిపించింది.

"అత్తా! నేనే, అత్తా! లాగండి!"

కర్రెమ్మ అంచుదాకా వెళ్లి ఒక కాలు మోపింది. మోకాలి దాకా దిగబడింది. కష్టంగా వెనక్కి లాక్కుంది.

"నువ్వు ఈదగలవా?" అని బుడగమ్మను అడిగింది.

"అది ఈదే నీరు కాదు వదినా. నడిచే నేలా కాదు."

నక్క అరుస్తూనే ఉంది. ఆ అరుపు వింటూ మంద ఎత్తు వైపు నడిచింది. బుడగమ్మను ముందు నడవమంది కర్రెమ్మ.

నీతి: తెలిసినవాళ్లు భయపడుతున్నప్పుడు, తెలియనివాళ్ల ధైర్యాన్ని నమ్ముకోకూడదు.