తోమిన చేమిరి కుండ

అనగా అనగా, అమ్మమ్మల అమ్మమ్మలు చెప్పుకోగా విన్న మాట. ఏటిగట్టు మీద నలభై గడపల పల్లె ఒకటి ఉండేది. ఆ పల్లెలో పైడమ్మ అనే ముసలమ్మ ఉండేది. మొగుడు పోయి చాన్నాళ్ళయింది. పిల్లాజెల్లా లేరు. ఒక ఆవు, ఒక చేమిరి కుండ, అంతే ఆమె సంసారం.

చేమిరి అంటే తెలుసు కదా పిల్లలూ? పాలు పెరుగవడానికి వేసే చుక్క మజ్జిగ. పైడమ్మ ఇంటి చేమిరి ఆమె అత్తగారికి అత్తగారి నాటిది. ఆ కుండని నీళ్ళతో కడిగేవారే గాని బూడిద పెట్టి తోమేవారు కారు. తోమితే కుండలో ప్రాణం పోతుందని వాళ్ళ నమ్మకం.

ఏ ఇంట్లో పెరుగు పాడైనా, కుండ పగిలినా, ఆడవాళ్ళు కొబ్బరిచిప్ప పట్టుకుని పైడమ్మ గడపకే వచ్చేవారు. దీపం పెట్టాక చేమిరి ఇవ్వకూడదని ఆ ఊరి కట్టు. అందుకని పొద్దు వాలే వేళకి ఆమె అరుగు కిటకిటలాడేది. ఇచ్చేది చుక్కే, కబుర్లు మాత్రం కడివెడు. ఎవరి కోడలు నెల తప్పిందో, ఎవరి దూడ మేత ముట్టలేదో అక్కడే తెలిసేది. మందూ మాకూ అక్కడే కుదిరేది.

ఆ కాసేపటి కోసమే పైడమ్మ పొద్దంతా బతికేది.

ఒకనాడు నగరం నుంచి సుముఖుడనే వర్తకుడు పది బళ్ళతో దిగాడు. బళ్ళ నిండా పెరుగు గుండ, అంటే పాలని పెరుగు చేసే పొడి. పాలలో చిటికెడు వేస్తే జాము తిరక్కుండా గడ్డ కడుతుంది. మూడు రోజులు డప్పు కొట్టించాడు. ఒక్కరూ కొనలేదు.

"చేమిరి కొనుక్కోవడమేటి బాబూ! వింటే నవ్విపోతారు" అన్నారు.

సుముఖుడు కోప్పడలేదు. సాయంత్రం ఆడవాళ్ళంతా ఎటు పోతున్నారో చూశాడు. డప్పు ఆపించాడు. వచ్చి పైడమ్మ అరుగు మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా! ఇది ఊరికే ఇస్తున్నాను. నీ పాలలో వేసి చూడు. బాగుంటే నలుగురికీ చూపించు. అంతకన్నా ఏమీ అడగను."

పైడమ్మ వేసింది. పెరుగు కత్తితో కోసేలా తోడుకుంది. వచ్చిన వాళ్ళందరికీ ముచ్చటగా చూపించింది.

పది రోజులకి రెండోసారి వచ్చాడు. ఈసారి అంచు చీర తెచ్చాడు.

"పెద్దమ్మా! మనమంతా ఒకింటి వాళ్ళం. వచ్చిన వాళ్ళకి ఆ చుక్క బదులు ఈ చిటికెడు పెట్టు. డబ్బులొద్దు."

ఆ రోజు నుంచి సుముఖుడి గుమాస్తా ఒకడు గంటం పట్టుకుని అరుగు మూల చేరాడు. ఎవరింట పాడి ఎంత, ఎవరింట పెళ్ళి ఎప్పుడు, ఆడవాళ్ళు మాట్లాడుకున్నదల్లా తాటాకుల మీద గీసుకున్నాడు.

పక్కింటి గౌరమ్మ మూతి తిప్పింది. "ఏటే పైడీ! చేమిరి పోసిన చేత్తో సరుకు పంచుతున్నావా? ఆడు నీకు మేనల్లుడా?"

"కొడుకులాంటోడు. నీకెందుకే కడుపుమంట?"

"మంటైతే మజ్జిగ తాగుదునే. నా ఆవు వట్టిపోయి చుక్క లేదు గాని! నీ కుండ మాత్రం జాగర్త."

మూడోసారి వచ్చి సుముఖుడు మెల్లిగా అన్నాడు. "పెద్దమ్మా! పాత కుండ పులుపు మా గుండకి పడదు. శుభ్రంగా తోమేసుకో."

పైడమ్మ కుండని దగ్గరికి లాక్కుంది. కాని ఊరంతా తన మాట మీద గుండకి మారింది. ఇక పాత చేమిరి ఎవరికి కావాలి? గుండ కోసమైనా జనం తన గడపకే కదా వస్తారు? అలా అనుకుని బూడిద తీసింది. తోమింది. అత్తగారి అత్తగారి నాటి చేమిరి కాలవలో కలిసిపోయింది.

వారం తిరక్కుండా వీధి మొగలో సుముఖుడి అంగడి వెలిసింది. "పెద్దమ్మని ఎందుకు శ్రమ పెడతారు? దీపం పెట్టాక కూడా మేమిస్తాం" అన్నాడు. అందరూ అటే పోయారు. ఆపైన చిటికెడుకి మానెడు ధాన్యం కొలవమన్నాడు.

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నిన్నటి పెరుగే చేమిరిగా వేసి చూశారు. తెల్లారినా పాలు పాలలాగే ఉన్నాయి. పైడమ్మ పరుగున అంగడికి పోయి అడిగింది.

సుముఖుడు నవ్వాడు. "ఆ పెరుగు ఇంకో పెరుగుని పుట్టించదు పెద్దమ్మా. ఆ గుండని చేసిందే అలా."

పైడమ్మ కొబ్బరిచిప్ప పట్టుకుని నలభై గడపలూ తిరిగింది. "ఒక్క చుక్క పాత మజ్జిగ ఉందా అమ్మా?" ఏ ఇంట్లో చూసినా సుముఖుడి పెరుగే. ఒక కోడలుపిల్ల తలుపు దగ్గరగా వేస్తూ అంది. "మేం నమ్మింది ఆణ్ణి కాదు పెద్దమ్మా. నిన్ను."

గౌరమ్మ ఈసారి దెప్పలేదు. "ఏటి అవతల ఊరుంది. పోయి చూడు" అంది.

పైడమ్మ ఏరు దాటి పోయింది. ఆ ఊళ్ళో ఒక అరుగు ముందు జనం మూగి ఉన్నారు. అరుగు మూల గుమాస్తా గంటంతో గీస్తున్నాడు. కొత్త అంచు చీర కట్టుకున్న ముసలమ్మ వాకిట్లో కూర్చుని, బూడిదతో కుండ తోముతోంది.

"అమ్మా, తోమకమ్మా! ఆ కుండ తోమకు!" పైడమ్మ కేక పెట్టింది.

ఆ ముసలమ్మ తలెత్తి జాలిగా చూసింది. "ఎవరమ్మా నువ్వు? చేమిరి కోసమా? ఇంకా ఈ పాతదెందుకు? ఇదిగో, మా అబ్బాయి ఇచ్చిన గుండ. చిటికెడు పట్టుకుపో."

కుండ అప్పటికే శుభ్రంగా మెరుస్తోంది. పైడమ్మ ఖాళీ చిప్పతో వెనక్కి తిరిగింది.

పొద్దు వాలే వేళకి తన అరుగు మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. దీపం వేళ అయింది. ఎవరూ రారని తెలిసినా, వస్తారేమోనని ఆమె ఆ పూట దీపం పెట్టలేదు.

పదిమందిని కలిపి ఉంచేదాన్ని అమ్ముకునేవాడి చేతిలో పెడితే, వాడి సరుకే మిగులుతుంది, పదిమంది మిగలరు. ఇదే పిల్లలూ ఈ కథలో నీతి.