చీటీల పెట్టె

మాటలన్నీ పోగయ్యాక ఇంక వాక్యాలు రాసుకోవడం దేనికని, భాషల మీద పరిశోధన చేస్తున్న శిష్యురాలు హైమవతి అడిగింది. కొండ మీది గూడెంలో ఒక తాత దగ్గర వాళ్ళ భాషవి రెండు వేల మాటలు ఏరుకొచ్చిందేమో, గొంతులో కాస్త గర్వం ఉంది. పేరొక్కటి అడిగితే ఆ తాత కథలెత్తుకుంటాడని విసుక్కుంది కూడా. పరంధామయ్య మాస్టారు అటక మీంచి రేకు పెట్టె దింపించి మూత తీశారు. నిండా చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక మాట, కింద దాని తెలుగు అర్థం.

అవన్నీ సుక్రి అవ్వ మాటలట. ఆ భాష మాట్లాడేవాళ్ళలో ఆవిడే ఆఖరు. మాస్టారు వస్తువు చూపిస్తే పేరు చెప్పేది. నడిచి చూపిస్తే, తిని చూపిస్తే, ఆ పనుల పేర్లూ చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు. ఎన్నాళ్ళకో వినే మనిషి దొరికాడు మరి. రోకలి చూపిస్తే ఆ రోకలితోనే ఏదో పెద్ద కథ మొదలుపెట్టేది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి చేట చూపించేవారు. ఆరేళ్ళు ఆ ముసలిదాని నోరు నొక్కి, దానికి పరిశోధన అని పేరు పెట్టుకున్నానని ఆయనే చెప్పారు.

అవ్వ పోయిన పదో రోజున మనవరాలు ఆయన ఇంటికొచ్చింది. ఐదో ఏట హాస్టల్లో పడి, ఇంటి భాష అక్కడే పోగొట్టుకున్న పిల్ల. పోయినవాళ్ళకి పదకొండో రోజున ఆకులో అన్నం పెట్టి, వాళ్ళ భాషలో పిలవాలి. అలా పిలిస్తేనే వస్తారని వాళ్ళ నమ్మకం.

"మా మాటలన్నీ మీ కాడున్నాయంట గదా సార్. అవ్వా, వచ్చి అన్నం తిను అని ఎట్టా పిలవాలో రాసియ్యండి," అంది.

మాస్టారు నాలుగు చీటీలు తీశారు. అవ్వ, రావడం, అన్నం, తినడం. నేల మీద పరిచారు. మార్చి పరిచారు. ఏ మాట ముందో, పిలిచేటప్పుడు అవ్వ అన్న మాట ఎలా మారుతుందో, తినమని బతిమాలడం ఎలాగో, ఏ చీటీలోనూ లేదు. అవన్నీ ఆయన చెయ్యి అడ్డం పెట్టిన కథల్లో ఉండిపోయాయి. పిల్ల ఓపిగ్గా చూసి చూసి, ఆ నాలుగూ చదివించుకుని వింది. "ఇవి మావే సార్," అని, ఎంతో మర్యాదగా లేచి వెళ్ళిపోయింది.

హైమవతి చేతిలో 'అన్నం' చీటీ ఉండిపోయింది. మర్నాడు ఆ పిల్ల ఏం చేసిందని మెల్లగా అడిగింది.

"ఆకు ముందు కూర్చుని తెలుగులో పిలిచింది," అన్నారు మాస్టారు, చీటీ కోసం చెయ్యి చాస్తూ. "అవ్వకి తెలుగు రాదు."