మబ్బన్న వీపు మీద మొటిమలు

ఇప్పలకోన అడవిలో అడవిదున్నలు, దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు ఉండేవి. కోన మధ్యలో ఒక వాగు పారేది. మండు వేసవిలో కూడా అది ఎండేది కాదు. రోజూ పొద్దున్నే జంతువులన్నీ అక్కడే కలుసుకునేవి.

అడవిదున్నల మందలో మబ్బన్న అనే కోడె ఉండేవాడు. అప్పుడప్పుడే వయసుకు వస్తున్నాడు. వాడి వీపు నల్లగా నిగనిగలాడేది. వాగులో మునిగి ఒడ్డెక్కితే నీళ్ళు ఆ వీపు మీద నిలవకుండా జారిపోయేవి. ఆ సంగతి అందరికంటే మబ్బన్నకే బాగా తెలుసు. అందరూ చూసేదాకా ఎత్తయిన బండ మీద నిలబడి, తర్వాతే కిందికి దిగేవాడు.

వాడికి పసిడి అనే గోరింక స్నేహితురాలు. మబ్బన్న దూడగా ఉన్నప్పటి నుంచీ అది వాడి వీపు మీదే వాలి, పురుగులు ఏరి తినేది. కబుర్లన్నీ చెప్పేది. మబ్బన్న తన మనసులో మాట తల్లికైనా దాచేవాడేమో కాని, పసిడికి దాచేవాడు కాదు.

తొలకరి పడగానే మంద కొండ మీది పచ్చికకు తరలిపోతుంది. దారిలో ముందు నడిచే కోడెను పెద్దలు ఏటా ఎంచుకుంటారు. ఈ ఏడు ఆ పేరు తనదే అని మబ్బన్న గట్టిగా నమ్మాడు.

ఆ వేసవిలోనే వాడి భుజాల మీద చిన్న చిన్న మొటిమలు లేచాయి. ముందుగా చూసింది పసిడి. ఎవరూ వినకుండా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. మబ్బన్న నమ్మలేదు. వాగు నీటిలో తొంగి చూసుకుంటే రొమ్ము మీద కూడా ఎర్రగా కనిపించాయి. నాలుగు రోజులకు వీపంతా పాకాయి. కొన్నిటికి చీము పట్టింది. పడుకుంటే మంట, లేస్తే మంట.

కిందటి ఏడు కోరయ్య అనే అడవిపందికి ఇలాగే వచ్చాయి. బురదలో పొర్లే వాళ్ళకు అవి రాక ఇంకేమొస్తాయని అప్పట్లో మబ్బన్న వాగు దగ్గర అందరి ముందూ ఎగతాళి చేశాడు. జంతువులన్నీ నవ్వాయి. కోరయ్య తల దించుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడా నవ్వులన్నీ మబ్బన్న చెవుల్లో మోగాయి.

వాగుకు అందరితో వెళ్ళడం మానేశాడు. మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళి గబగబా నీళ్ళు తాగి వచ్చేవాడు. మొటిమలు కనబడకుండా వీపు నిండా బురద పూసుకున్నాడు. ఆ బురద రోజుల తరబడి ఎండి అట్టకట్టింది. దాని కింద చెమట పట్టి మొటిమలు ఇంకా పెరిగాయి. అది చూసి ఒక కొండముచ్చు, ఇప్పనూనె రాసుకుని చెట్టు బెరడుకు గట్టిగా రుద్దుకుంటే ఒక్క రోజులో రాలిపోతాయని చెప్పింది. మబ్బన్న అదీ చేశాడు. మొటిమలు రాలలేదు. పగిలి, రక్తం కారి, పక్కన కొత్తవి లేచాయి.

పసిడి చూస్తూ ఊరుకోలేకపోయింది. కొండ వాలులో దుంపలవ్వ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. ఆకులూ వేర్లూ ఎరిగినది. పసిడి ఎగిరి వెళ్ళి మబ్బన్న బాధ చెప్పింది. దుంపలవ్వ చెప్పినవన్నీ గుర్తు పెట్టుకుని తిరిగి వచ్చింది.

"మబ్బన్నా, ఇది మురికి వల్ల వచ్చింది కాదట. ఎదిగే వయసులో ఒంట్లో జిడ్డు ఎక్కువై, చర్మం మీది సన్నటి రంధ్రాలు మూసుకుపోతే వస్తుందట. పరిగెత్తి చెమట పట్టగానే వాగులో మెల్లగా కడుక్కోమంది. బురద వద్దు, నూనె వద్దు, గీకడం అసలే వద్దు అంది. ఒకసారి వచ్చి కనబడితే మందు ఇస్తానంది."

మబ్బన్న ఇవేవీ వినలేదు. ఒక్కటే విన్నాడు. తన సంగతి ఇంకొకరికి తెలిసింది.

"నా పరువు తీశావు. నిన్ను నమ్మడం నాదే తప్పు," అన్నాడు.

 పసిడి ఎప్పటిలా వీపు మీద వాలబోతే మబ్బన్న తోకతో విసిరికొట్టాడు. ఆ రోజు నుంచి అది దూరంగా కొమ్మ మీద కూర్చునేది. వాడు ఎక్కడికి వెళితే అక్కడికి చెట్టు చెట్టు మీదుగా వచ్చేది.

ఒకనాటి పొద్దున పడమట మేఘాలు కమ్ముకున్నాయి. మరునాడు పెద్దలు కోడెలను చూసి ఎంచుకుంటారని కబురు వచ్చింది.  ఎలాగైనా సాయంత్రానికి వీపు చదును కావాలని మబ్బన్న అనుకున్నాడు. మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళి, గరుకు బెరడుకు వీపు ఆనించి రుద్దడం మొదలుపెట్టాడు. తోలు లేచిపోయింది. రక్తం పక్కటెముకల మీదుగా కారింది. అయినా ఆపలేదు.

కొమ్మ మీద నుంచి పసిడి ఆగమని అరిచింది. వాడు వినకపోయేసరికి వచ్చి వీపు మీద వాలింది. తను అక్కడుంటే రుద్దడనుకుంది. మబ్బన్నకు దాని కాళ్ళు తగిలాయి. అది పసిడి అని తెలుసు. తెలిసి కూడా కోపంలో ఇంకొక్కసారి బలంగా వెనక్కి నెట్టాడు.

బెరడుకూ వీపుకూ మధ్య ఏదో మెత్తగా నలిగింది.

మబ్బన్న చటుక్కున పక్కకు జరిగాడు. పసిడి చెట్టు మొదట్లో పడి ఉంది. ఎడమ రెక్క వెనక్కి మడత పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక్క కూత కూడా రాలేదు.

వాడు తల దించి దాని మీదికి వంగాడు. కొమ్ములతో ఎత్తితే గుచ్చుకుంటుంది. గిట్టలతో తాకితే నలిగిపోతుంది. అంత పెద్ద ఒళ్ళుండి, ఒక పిట్టను లేపడానికి పనికిరాలేదు.

అప్పుడు పొదల్లోంచి కోరయ్య వచ్చాడు. దుంపలు తవ్వుకుంటూ అంతా చూశాడు. పెద్ద టేకాకు ఒకటి తెచ్చి, ముట్టెతో మెల్లగా పసిడిని దాని మీదికి జరిపాడు. ఆకు తొడిమ మబ్బన్న నోటికి అందించాడు.

"దుంపలవ్వ దగ్గరికి నడువు. వాగు మీదుగా వెళితేనే దగ్గర," అన్నాడు.

అది జంతువులన్నీ వాగు దగ్గర ఉండే వేళ. మబ్బన్న బురద లేని వీపుతో, కారుతున్న రక్తంతో, వాళ్ళందరి మధ్య నుంచీ నడిచాడు. ఆకు కదలకూడదని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాడు. ఎవరూ నవ్వలేదు. దుప్పులు దారి ఇచ్చాయి. వాడి తల్లి మందలోంచి వచ్చి, కోరయ్యతో పాటు వెంట నడిచింది.

దుంపలవ్వ చాలాసేపు పసిడి రెక్క చూసింది. సన్నటి పుల్లలు పెట్టి నారతో కట్టింది. కట్టడం అయ్యాక మబ్బన్న వైపు తిరిగింది.

"బతుకుతుంది నాయనా. ఎగరదు," అంది.

మబ్బన్న అక్కడే తల నేలకు ఆనించి పడుకున్నాడు. తన వీపు సంగతి తనే మరిచిపోయాడు. అవ్వే దగ్గరికి వచ్చి గాయాలు కడిగింది. వేపాకు నూరి పలచగా రాసింది. రోజుకొకసారి రాయాలనీ, రెండు పున్నములు దాటితే గాని తేడా తెలియదనీ, కాస్త తగ్గగానే మానేస్తే మళ్ళీ వస్తాయనీ చెప్పింది. కోరయ్యకు కూడా ఇదే చెప్పానంది. మబ్బన్న అప్పుడు తలెత్తి కోరయ్యను సరిగ్గా చూశాడు. వాడి భుజాల మీద ఒక్క మచ్చ కూడా లేదు.

"నువ్వు నవ్విన మర్నాడే ఇక్కడికి వచ్చాను," అన్నాడు కోరయ్య. అందులో దెప్పిపొడుపు లేదు. అందుకే మబ్బన్నకు ఇంకా కష్టమనిపించింది.

మరునాడు తొలకరి పడింది. పెద్దలు ఇంకో కోడెను ఎంచుకున్నారు. మంద కొండెక్కింది. మబ్బన్న వెళ్ళలేదు. అవ్వ గుహ బయట వానలో నిలబడి, లోపల పసిడి మూలుగు వింటూ ఉండిపోయాడు. రోజూ కోరయ్య వచ్చి వాడిని వాగుకు తీసుకెళ్ళేవాడు. వీపు ఎలా కడుక్కోవాలో, ఎక్కడ రుద్దకూడదో చూపించేవాడు.

మొదటి పున్నమికి ఏ మార్పూ కనబడలేదు. మబ్బన్న మందు మానలేదు. రెండో పున్నమి దాటాక కొత్త మొటిమలు రావడం ఆగిపోయింది. చలికాలానికి మంట లేదు, చీము లేదు. గీకిన చోటల్లా మాత్రం గుంటలు పడి, మచ్చలు ఉండిపోయాయి. అవి ఇక పోవని అవ్వ ముందే చెప్పింది.

పసిడి కట్టు విప్పారు. రెక్క సగం మాత్రమే విచ్చుకుంది. పండ్లు పండే వేళకు గోరింకలన్నీ గుంపుగా తూర్పు లోయకు బయల్దేరాయి. పసిడి అక్కాచెల్లెళ్ళు వచ్చి కాసేపు దాని చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. వాటి అరుపులు కొండ అవతల సద్దుమణిగేదాకా అది మెడ ఎత్తి చూస్తూనే ఉంది.

మబ్బన్న తల దించి దాని పక్కన నిలబడ్డాడు.

"నామీద కోపం లేదా?" అని అడిగాడు.

"కోపం ఎప్పుడో పోయింది," అంది పసిడి. "ఆ రోజు నా కాళ్ళు తగిలినప్పుడు నువ్వు ఆగుంటే బాగుండేది. అంతే."

మబ్బన్న మోకాళ్ళ మీద వంగి, అది ఎక్కేందుకు వీపు దించాడు. ఆ మాట బతికినన్నాళ్ళూ వాడిని వదల్లేదు.

నీతి: వీపు మీదో రొమ్ము మీదో మొటిమలు రావడం ఎవరి తప్పూ కాదు, నవ్వాల్సిన విషయమూ కాదు. సిగ్గుతో దాచి, తొందరపడి గీకితే మచ్చలు మిగులుతాయి. ఆ సిగ్గు తెచ్చే కోపం మన మేలు కోరేవాళ్ళ మీద చూపిస్తే, ఏ మందుకూ మానని గాయం మిగులుతుంది.