సివంగి తల తిప్పి చూసింది

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవికి ఇటు పక్క పైడమ్మ గుడిసె, అటు పక్క సంత జరిగే ఊరు. పైడమ్మ వెదురుతో బుట్టలు, చేటలు, తట్టలు అల్లేది. వారం వారం వాటిని నెత్తిన పెట్టుకుని అడవి దాటి సంతకు వెళ్లేది. ఆమెకు తోడు సివంగి.

సివంగి అంటే నిజం సివంగి కాదు పిల్లలూ, కుక్క. ఎర్రగా, సన్నగా, చెవులు నిక్కబొడుచుకుని ఉండేది. పొదలో అడవిపంది కదిలినా, గాలిలో ఎలుగుబంటి వాసన వచ్చినా ముందుగా దానికే తెలిసేది. "అమ్మా, ఆగు. ఇటు వద్దు, అటు పోదాం" అనేది. ఆ రోజుల్లో జంతువులన్నీ మాట్లాడేవి మరి. సివంగి తోడు లేకుండా పైడమ్మ అడవిలో అడుగు పెట్టేది కాదు.

అంత మంచి కుక్కకు ఒకటే ఇబ్బంది. ఇంకో కుక్క కనిపిస్తే చాలు, దానికి ఒళ్లు తెలిసేది కాదు. వెనక కాళ్ల మీద లేచి, మెడకున్న తాడు తెగేలా లాగుతూ అరిచేది. ఎదుటి కుక్క తోక ఊపుతూ వచ్చినా అంతే, తన దారిన తాను పోతున్నా అంతే. ఎక్కడ మీద పడి కరుస్తుందోనని పైడమ్మకు బెదురు. తాడును చేతికి చుట్టుకుని బిగించి పట్టుకునేది.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? "కుక్కను అదుపులో పెట్టుకోవడం చేతకాదా?" అనేవారు. పైడమ్మ తల దించుకుని గబగబా నడిచేది.

ఒకరోజు చెట్టు మీది కొండముచ్చు ఇదంతా చూసింది.

"పైడమ్మా, నీ ఇంటి నిండా వెదురే కదా. ఒక బెత్తం చేసుకో. అరిచినప్పుడల్లా ఒకటి తగిలించు. నోరు అదే మూతపడుతుంది" అంది.

పైడమ్మకు మనసొప్పలేదు. అయినా మరుసటి వారం కుక్క ఎదురుపడి సివంగి అరవగానే బెత్తంతో ఒక్కటి వేసింది. సివంగి కుయ్యోమంది. అరుపు తగ్గిందా? లేదు, ఇంకా పెరిగింది. ఇదివరకు కుక్క దగ్గరికొచ్చాక అరిచేది, ఇప్పుడు దూరాన తోక కనబడగానే మొదలుపెట్టేది. కుక్క కనిపిస్తే వెంటనే దెబ్బ పడుతుందని దానికి తెలిసిపోయింది కదా! పైడమ్మ ఆ బెత్తాన్ని విరిచి పొయ్యిలో పెట్టేసింది.

తరవాత ఒక నక్క ఎదురైంది.

"పైడమ్మక్కా, అలవాటు లేక అలా చేస్తోంది. సంతలో చేపలమ్మే చోట కుక్కలన్నీ పోగవుతాయి. తీసుకెళ్లి వాటి నడుమ నిలబెట్టు. అరిచి అరిచి అలిసిపోయి అదే ఊరుకుంటుంది" అంది.

ఇదేదో బాగానే ఉందనిపించింది పైడమ్మకు. అలాగే చేసింది.

అయ్యో, ఏం చెప్పమంటారు! ముందు కుక్క, వెనక కుక్క, పక్కన కుక్క. సివంగికి ఎటు చూడాలో తెలియలేదు. ఒకదాని చెవి పట్టుకుంది. చేపల తట్టలు బోర్లా పడ్డాయి. తాడు చేతికి చుట్టుకుని ఉందేమో, పైడమ్మ కూడా ఆ ఊపుకి ముందుకు పడింది. మణికట్టు బెణికింది. సంత పెద్ద చిన్నంనాయుడు పరుగున వచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టాడు.

"పైడమ్మా, నీ బుట్టలకు వంక పెట్టను. ఈ కుక్కతో మాత్రం సంతకు రాకు. పసిపిల్లలు తిరిగే చోటు ఇది" అన్నాడు.

కుక్క లేకుండా అడవి దాటడం ఎలా? అడవి దాటకపోతే బుట్టలు అమ్మడం ఎలా? ఇరుగుపొరుగు వాళ్లు తేలిగ్గా చెప్పేశారు: "అడవిలో వదిలేసి ఇంకో కుక్కను తెచ్చుకో."

ఆ సాయంత్రం పైడమ్మ చేతికి పసుపు కట్టు కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. సివంగి దగ్గరికి రాలేదు. దూరంగా వెదురు మోపు పక్కన ముడుచుకుని పడుకుంది.

"ఇలా రావే" అంది పైడమ్మ.

సివంగి పొట్ట నేలకు రాసుకుంటూ వచ్చింది.

"ఎందుకే సివంగీ నీకంత కోపం?"

ఇన్నాళ్లలో ఎవరూ దాన్ని ఆ మాట అడగలేదు.

"కోపం కాదమ్మా. భయం" అంది సివంగి.

"ఓలమ్మో! ఎలుగుబంటికి బెదరని దానివి, నీకు భయమేటే?"

"ఎలుగుబంటి వస్తే పక్కకి తప్పుకోవచ్చమ్మా. నీ దగ్గరికి రాకముందు నన్నొక గుంజకు కట్టేసేవారు. అప్పుడు నేను పిల్లని. ఒకనాడు వీధి కుక్కలు నా మీద పడ్డాయి. తాడుండటంతో పారిపోలేకపోయాను. ఇప్పటికీ మెడకు తాడుండగా కుక్క కనిపిస్తే, అది రాకముందే అరిచి తరిమేయాలనిపిస్తుంది."

"పక్కన నేనున్నాను కదే?"

"ఉన్నావు. కానీ కుక్క కనపడగానే నీ చెయ్యి బిగుస్తుంది. అమ్మ కూడా భయపడిందంటే ఆపద నిజమేనని నేను అనుకుంటాను."

పైడమ్మ తన చేతి కట్టు వైపు చూసుకుంది. తరవాత దాని చెవుల మధ్య నిమిరింది.

"కుక్క ఎంత దూరంలో ఉంటే నువ్వు నిమ్మళంగా చూడగలవు?"

"ఆ తాటితోపు అవతలుంటే చూడగలను. ఇవతలికొస్తే నీ మాట కూడా నాకు వినపడదు."

"సరే. తాటితోపు దగ్గరే మొదలెడదాం" అంది పైడమ్మ.

రోజూ పొద్దున్నే తోపు అవతలి బాటలో గొర్రెలకాపరి అసిరయ్య తన కుక్క గంగులును తోలుకుని పోయేవాడు. పైడమ్మ, సివంగి ఇవతలి దిబ్బ మీద కూర్చునేవారు. గంగులు కనపడగానే, సివంగి గొంతు విప్పకముందే, పైడమ్మ మెల్లగా "సివంగీ" అనేది. సివంగి ఆమె వైపు చూస్తే ఎండుచేప ముక్క పెట్టేది. ఇద్దరూ లేచి ఇంటికి వచ్చేసేవారు.

తాడు వదులుగా పట్టుకోవడం పైడమ్మకే కష్టమైంది. గంగులు తోక చూస్తే చాలు, ఆమె వేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. "దీనికంటే ముందు నా చెయ్యి నేర్చుకోవాలి" అనుకునేది.

కొండముచ్చు చూసి కిచకిచా నవ్వింది. "అరిచే కుక్కకు చేపలు పెడుతున్నావా పైడమ్మా!"

"అరిచినందుకు కాదులే, అరవకముందు పెడుతున్నాను" అంది పైడమ్మ.

ఈలోగా బుట్టల్ని అడవి చుట్టూ తిరిగి పోయే బళ్లవాళ్లతో సంతకు పంపేది. సగం అమ్ముడుపోక తిరిగొచ్చేవి. సివంగితో పని ఒక్కోసారి ముందుకు సాగేది, ఒక్కోసారి వెనక్కి పోయేది. ఒకనాడు పొద చాటు నుంచి ఏదో కుక్క ఉన్నట్టుండి ఎదురొచ్చింది. సివంగి మళ్లీ లేచి లాగి అరిచింది. పైడమ్మకు ఏడుపొచ్చింది. అయినా తిట్టలేదు. దాన్ని దూరంగా నడిపించుకుపోయింది. మర్నాడు తోపుకు ఇంకాస్త ఎడంగా కూర్చుంది.

వానలు వెళ్లాయి. చలి వచ్చింది. దిబ్బ నుంచి తోపులోకి, తోపులోంచి బాట అంచుకు జరిగారు.

"అమ్మా, సంతకు పోదామా?" అని ఒకరోజు సివంగే అడిగింది.

బయలుదేరారు. అడవి నడుమ ఒక ఇరుకు దారి ఉంది. ఒక పక్క నిటారు బండ, ఇంకో పక్క లోయ. వాళ్లు సగం దూరం నడిచారో లేదో, ఎదురుగా అసిరయ్య వచ్చాడు. చేతిలో తాడు, తాడుకు గంగులు, వెనక గొర్రెల మంద. ఆ మందను వెనక్కి మళ్లించడం అయ్యే పని కాదు. సివంగి లాగిందంటే ఎవరో ఒకరు లోయలో పడతారు.

పైడమ్మ వేళ్లు బిగుసుకోబోయాయి. ఆమె ఊపిరి వదిలి, తాడును కూడా వదులు చేసింది.

"అసిరన్నా, కాస్త అక్కడే ఆగు. గంగుల్ని నీ వెనక్కి తీసుకో" అని కేకేసింది. అసిరయ్య ఆగాడు.

"నువ్వు బండ వైపు నడువు సివంగీ. నడుమ నేనున్నాను."

సివంగి వెన్ను మీది వెంట్రుకలు లేచాయి. గొంతులో గుర్రు మొదలైంది. పైడమ్మ తాడు లాగలేదు.

అప్పుడు సివంగి తల తిప్పింది. గంగుల్ని వదిలేసి పైడమ్మ ముఖం వైపు చూసింది.

ఆ చూపుకు పైడమ్మ కళ్లు నీళ్లతో నిండాయి. "మా తల్లే! పద" అంది.

గంగులు మంచివాడు. మొహం అటు తిప్పుకుని, "నేను చూడను అక్కా, నువ్వు వెళ్లు" అన్నాడు.

సివంగి బండకు ఆనుకుని అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. అయినా ఆగలేదు. గంగులు పక్కనుంచి, గొర్రెల పక్కనుంచి, అవతలికి దాటేసింది. దాటాక ఒళ్లంతా ఒక్కసారి దులుపుకుంది.

"అమ్మా! చూశావా? అరవలేదు!"

"చూశానే! నేను చూశాను, అసిరన్న చూశాడు, ఆ గొర్రెలన్నీ చూశాయి!" అంటూ పైడమ్మ కొంగున ఉన్న ఎండుచేపలన్నీ దాని ముందు పోసింది.

సంత మొదట్లో చిన్నంనాయుడు ఎదురొచ్చాడు. అప్పుడే ఒక కుక్క రోడ్డుకు అవతలగా పోయింది. సివంగి దాన్ని చూసింది, పైడమ్మను చూసింది, ఊరుకుంది. చిన్నంనాయుడు వదులుగా వేలాడుతున్న తాడును చూశాడు.

"ఏమ్మా, కుక్కను మార్చేశావా?" అన్నాడు.

పైడమ్మ తలెత్తి, సంతంతా వినపడేలా చెప్పింది. "మార్చలేదు బాబూ. ఇది మా సివంగే!"

చిన్నంనాయుడు నవ్వి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. చేపలమ్మే వైపు మాత్రం వాళ్లు వెళ్లలేదు. ఎడంగా ఒక చోటు చూసుకుని బుట్టలు పరిచారు. వచ్చినవాళ్లంతా బుట్టల కంటే ముందు సివంగినే చూశారు. సివంగి పైడమ్మ కాలికి ఆనుకుని, చెవులు నిక్కబొడుచుకుని, రాణిలా కూర్చుంది.

నీతి: భయంతో అరిచేవారిని కొట్టి మార్చలేము, భయంలోకి తోసి మార్చలేము. వాళ్ల భయం ఎక్కడ మొదలవుతుందో అడిగి తెలుసుకుని, అక్కడి నుంచి ఓపికగా వాళ్ల పక్కన నడవాలి.