మంచులో కూత

ఒకచోటే నిలబడి ఉన్నామని మనకెలా తెలుస్తుందర్రా?

"కాళ్ళు చూసుకుంటే సరి" అన్నాడు మా మనవడు. మరి కళ్ళు మూసుకుంటే? మనవరాలు తన కాళ్ళ వంక చూసుకుంది. అయితే వినండి.

కూర్మయ్య మాస్టారు ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేవారు. తెల్లవారుతూనే బరిలో మన్ను చదును చేసి, నీళ్ళు చల్లి, ఒక్క అడుగుజాడ లేకుండా చూశాకే పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు. ఆటకు ముందు అందరూ ఒంటికాలి మీద నిలబడాలి; ఈ కాలి మీద ఎంతసేపో ఆ కాలి మీదా అంతసేపు. కూతకు వెళ్ళడంలో దమయంతిని మించినవారు లేరు. కానీ ఆ పిల్ల ఎప్పుడూ కుడికాలినే నమ్ముకునేది, ఎడమకాలి వంతు వస్తే ఎగ్గొట్టేది. ఆ ఏడు ఎడమ మోకాలు రెండుసార్లు మడతపడింది. మళ్ళీ పడితే ఇక ఆట మానేయాల్సిందే అన్నారు డాక్టరు. జిల్లా జట్టుకు ఎంపిక చూస్తే ఆ వారంలోనే.

"ఏటి మాస్టారూ, కూతకెళ్ళేదాన్ని కొంగనాగ నిలబెడతారు? చేపలు పట్టాలేటి?" అని అడిగింది.

మాస్టారు నవ్వలేదు. తన తువ్వాలు ఆమె కళ్ళకు కట్టి బరి నడుమ నిలబెట్టి, తాను వెళ్ళి ఎదురుగా బరి అంచున నిలబడ్డారు. "ఉన్నచోటే అడుగులు వేస్తూ కూత పెట్టమ్మా. ముందుకు పోకు. మధ్యమధ్య పిలుస్తుంటాను."

ఆ ఉదయం మంచు దట్టంగా ఉంది. పిల్లలంతా బరి బయటే నిలబడ్డారు. దమయంతి కూత అందుకుంది. "దమయంతీ" అన్న పిలుపు మొదట ఎదుటి నుంచి వచ్చింది. కాసేపటికి కుడిచెవి వైపు నుంచి. ఆపైన వీపు వెనుక నుంచి, ఎక్కడో దూరంగా. ఆమె కూత ఆపేసింది.

"నా చుట్టూ తిరక్కండి మాస్టారూ. భయమేస్తంది."

"తువ్వాలు విప్పు."

విప్పింది. ఎదుట మంచు తప్ప ఎవరూ లేరు. తను బరి గీతకు అవతల ఉంది. తడిమన్నులో నడుమ నుంచి ఒక్కరి అడుగులే వంకర తిరిగి ఆమె మడమల దాకా వచ్చి ఆగాయి. కుడిపాదం జాడలు లోతుగా దిగాయి. ఎడమపాదం జాడలు మన్నును తాకీ తాకనట్టున్నాయి, ఎవరో ఆమెతో సగమే నడిచినట్టు.

"నాను కదల్లేదు మాస్టారూ" అంది.

ఆయన ఆమె వెనుక దూరంగా, మొదట నిలబడినచోటే ఉన్నారు. "నేనూ కదల్లేదమ్మా. నిన్ను తిప్పిందెవరో చూసుకో."

దమయంతి చాలాసేపు ఆ జాడలు చూసింది. తరువాత ఎవరూ చెప్పకుండానే ఎడమకాలి మీద నిలబడింది. కాలు వణుకుతూనే ఉంది.

అదిగో, మనవడు అప్పుడే కళ్ళు మూసుకున్నాడు. ఆ మెట్ల దగ్గర వద్దు, ఇవతలకి రా నాన్నా. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం సగంలో వదిలి వచ్చాను, నేను వెళ్తున్నాను.