మంగతాయి ఖాళీ బుగ్గలు

ఏడుగుట్టల అడవి అంటే మామూలు అడవి కాదు పిల్లలూ. ఏనుగులు, ఎలుగుబంట్లు, దుప్పులు, నెమళ్ళు, ఉడతలు, గోరింకలు, ఒక్కటేమిటి, అక్కడ లేని జీవి లేదు. అందరికీ ఏదో ఒక పని ఉంది. ఎలుగుబంటి తేనెపట్టు దింపుతుంది. వడ్రంగిపిట్ట తొర్రలు తొలిచిపెడుతుంది. తెల్లారితే చాలు, ఎవరి హడావుడి వాళ్ళది. పక్క కొమ్మ మీద ఎవరున్నారో చూసే తీరిక కూడా ఎవరికీ లేదు.

అక్కడికి రెండు రోజుల నడక దూరంలో తుమ్మలమెట్ట ఉంది. నాలుగు తుమ్మచెట్లు, పది రేగుపొదలు, ఒక నీటిగుంట, అంతే. ఆ మెట్ట మీద మంగతాయి అనే కోతి ఉండేది. రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది. గుంట ఎండిపోయింది. రేగుపొదలు కాయడం మానేశాయి. గుప్పెడు గింజల కోసం అన్నదమ్ములే జుట్టూ జుట్టూ పట్టుకునే రోజులొచ్చాయి.

ఒకరోజు మంగతాయి లేచి, "నేను ఏడుగుట్టల అడవికి పోతున్నాను" అంది.

మెట్ట మీద అందరికన్నా పెద్ద కోతి కోటప్ప. ఆమెకి వరసకి మేనమామ. "అక్కడ నీకెవరున్నారే?" అన్నాడు.

"ఎవరూ లేరు మావయ్యా."

"పనేమైనా చూసుకున్నావా?"

"లేదు."

"మరి ఏం చూసుకుని పోతావు?"

"ఇక్కడ ఏం చూసుకుని ఉండమంటావు?"

కోటప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "రాసిపెట్టుకో. పది రోజుల్లో పళ్ళికిలించుకుంటూ తిరిగొస్తావు."

"తిరిగొస్తే పళ్ళు పట్టుకునే వస్తాను మావయ్యా. పళ్ళికిలించుకుని మాత్రం రాను" అంది మంగతాయి.

ఇక్కడో సంగతి చెప్పాలి. కోతికి రెండు బుగ్గల్లోనూ రెండు సంచులుంటాయి. దొరికింది దొరికినట్టు అందులో కుక్కుకుని, తర్వాత తీరిగ్గా తింటుంది. మంగతాయి ఆస్తంతా ఆ రెండు సంచులే. కోసేసిన శనగచేలో నాలుగు రోజులు తిరిగి, రాలిన గింజలు ఏరి, రెండు బుగ్గలూ నింపుకుంది. ఆమె చిన్నాన్న కొడుకు దొరబాబు కూడా "నేనూ వస్తానక్కా" అని బుగ్గలు నింపుకుని బయల్దేరాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఇద్దరూ ఏడుగుట్టల అడవిలో అడుగుపెట్టారు. మొదటి చెట్టు మీదే ఒక గోరింక ఎదురైంది. అడవిలోకి ఎవరొచ్చారో, ఎవరు పోయారో అన్నీ దానికే కావాలి. ఇద్దరి బుగ్గలూ చూసి, "అబ్బో, కలిగినవాళ్ళలా ఉన్నారే! రండి, రండి. దయచేయండి" అంది.

దొరబాబు మెడ జానెడు పొడుగు సాగింది. తుమ్మలమెట్టలో వాణ్ణి ఎవరూ "దయచేయండి" అన్న పాపాన పోలేదు మరి!

మంగతాయి మర్నాడే పని వేట మొదలుపెట్టింది. ముందు ఉడతల పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"కాయలు కోసే పని ఏమైనా ఉందా అండి?"

"ఈ అడవిలో ఇంతకుముందు పని చేశావా?"

"పని ఇస్తేనే కదండీ చేసేది."

"ముందు ఎక్కడైనా చేసి రా. అప్పుడు చూద్దాం."

ఎలుగుబంటి అయితే తల కూడా ఎత్తలేదు. "ఎవరి తాలూకు?" అంది.

"ఎవరి తాలూకూ కాదండి. నా తాలూకే."

"అయితే పని లేదు."

అలా రోజూ తిరిగేది. పొద్దున కాసిని, సాయంత్రం కాసిని శనగలు నమిలేది. ఉండటానికి మంచి కొమ్మలన్నీ ఎవరివో వాళ్ళవే. అందుకని దుప్పుల మేతబీడు అంచున ఉన్న బూరుగుచెట్టు ఎక్కింది. ఒళ్ళంతా ముళ్ళు కదా, ఆ చెట్టు ఎవరికీ అక్కర్లేదు. "గుచ్చుకుంటే గుచ్చుకోనీ, పొమ్మనేవాళ్ళు లేరు" అనుకుంది.

వారం తిరిగేసరికి ఎడమ బుగ్గ ఖాళీ అయింది. గోరింక "రండి, రండి" కాస్తా "ఏం మంగతాయీ" అయింది. కుడి బుగ్గ కూడా సగమయ్యేసరికి "ఏమే" అయింది. బుగ్గతో పాటు మర్యాదా జారిపోతోందని మంగతాయికి అర్థమైంది.

ఆశ్చర్యం ఏమిటంటే, దొరబాబు బుగ్గలు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే, ఇంకా చెప్పాలంటే కాస్త ఎక్కువగానే ఉబ్బి ఉన్నాయి. మంగతాయి వాణ్ణి ఒక పొద చాటుకి లాక్కెళ్ళింది.

"ఒరేయ్, నీ శనగలు ఇంకా అయిపోలేదా?"

దొరబాబు అటూ ఇటూ చూసి, వేలు పెట్టి బుగ్గలోంచి కొంచెం తీసి చూపించాడు. ఎండుటాకులు! రాలకుండా మధ్యలో జిగురుమట్టి!

"అయిదు రోజులైందక్కా అయిపోయి. నువ్వూ కుక్కుకో. బుగ్గ జారిందంటే ఇక్కడ కుక్క కూడా పలకరించదు. పరువు ముఖ్యం."

"పరువు నమిలితే ఆకలి తీరుతుందా?"

"తీరదనుకో..."

"ఆ మట్టితో నోరు పెగులుతుందా? పని కావాలని ఎలా అడుగుతావు?"

"అడిగితే లోకువైపోతాం అక్కా" అని దొరబాబు మళ్ళీ మట్టి సర్దుకున్నాడు. సర్దుకున్నాక ఇక మాట లేదు. "మ్మ్" అంటాడు, తల ఊపుతాడు, అంతే.

మంగతాయికి ఒళ్ళు మండిపోయింది. మిగిలిన శనగలు ఆ పూటే తినేసింది. మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళకి, అడవి అడవంతా నీళ్ళు తాగడానికి చేరే మడుగు దగ్గరికి వెళ్ళి, బండ ఎక్కి నిలబడింది.

"ఏవండోయ్! అందరూ ఒక్క మాట వినండి. నా పేరు మంగతాయి. మాది తుమ్మలమెట్ట. నా బుగ్గలు రెండూ ఖాళీ. కావాలంటే దగ్గరికొచ్చి చూడండి. ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు లేరు. చెట్టు చివరి దాకా ఎక్కుతాను. దూరంగా గడ్డి కదిలినా కనిపెడతాను. ఈ చివర అరిస్తే ఆ చివర వినపడుతుంది. ఎవరికైనా అవసరమా?"

మడుగు చుట్టూ నవ్వులు మొదలయ్యాయి.

నెమలి పింఛం సర్దుకుంటూ, "ఖాళీ బుగ్గలని దండోరా వేసుకునేదాన్ని ఇప్పుడే చూస్తున్నాను. సిగ్గు లేదూ?" అంది.

"దొంగతనం చేస్తే సిగ్గుపడతాను నెమలమ్మా. పని అడగడానికి దేనికి?" అంది మంగతాయి.

దొరబాబు ఆ గుంపులోనే ఉన్నాడు. ఎవరో "మీ ఊరి మనిషేనా?" అని అడిగితే, చెట్టు కొమ్మ మీద ఏదో కొత్త వింత ఉన్నట్టు పైకి చూశాడు.

ఆ రోజు అక్కడ దుప్పుల మంద కూడా ఉంది. మంద పెద్ద సూరన్న, పెద్ద కొమ్ముల దుప్పి. చెట్టు మీదుండి చిరుతను కనిపెట్టి అరిచే ముసలి కొండముచ్చు పోయిన నెల కాలం చేసింది. అప్పటినుంచి మంద కంటి మీద కునుకు లేకుండా ఉంది.

ముసలి దుప్పి వెంకాయమ్మ చెవులు నిక్కబొడుచుకుంది. "గొంతు విన్నావా సూరన్నా? కాపలాకి ఈ పిల్లని పెట్టుకుందాం" అంది.

సూరన్న తల అడ్డంగా ఊపాడు. "మన బీడులో నేరేడుచెట్టు పండబోతోంది వదినా. ఆకలిగా ఉన్నదాన్ని ఎక్కిస్తే ఒక్క పండు మిగుల్చుతుందా? అదుగో, ఆ అబ్బాయిని చూడు. తిండికి లోటు లేనివాడు. నిదానంగా కూడా ఉన్నాడు. ఒక్క మాట తూలడం లేదు."

దొరబాబు తల ఊపాడు. పని దొరికిపోయింది! నోరు తెరవకుండా ఉద్యోగం కొట్టినవాడు వాడొక్కడే అయ్యుంటాడు.

మంగతాయి బండ దిగింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. గోరింక ఊరుకుంటుందా? "ఇంకేం, మీ మెట్టకి బయల్దేరు" అంది.

"నన్ను పంపేది నువ్వా? ఇంకా ఆకులున్నాయి ఈ అడవిలో. ఆకులు తిని ఉంటాను" అని చరచరా బూరుగుచెట్టు ఎక్కేసింది.

నాలుగు రోజులు చేదాకులే తింది. అయిదో రోజు పొద్దున్నే లేచి చూస్తే, బీడులో దుప్పులు మేస్తున్నాయి. నేరేడుచెట్టు మీద దొరబాబు దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఎగువ వైపు గడ్డి కదిలింది. గాలి లేదు. మళ్ళీ కదిలింది. మచ్చలు కనిపించాయి.

చిరుత!

దొరబాబు కూడా చూశాడు. అరవడానికి నోరు తెరవబోయాడు. మట్టి ఎండి బిగుసుకుపోయి ఉంది. "మ్మ్! మ్మ్!" అన్నాడు. వేళ్ళు పెట్టి పీకాడు. అది ఊడితేనా! కింద దుప్పులు తల దించుకుని మేస్తూనే ఉన్నాయి.

మంగతాయికి ఒక్కసారి సూరన్న మాటలు గుర్తొచ్చాయి. గుర్తొస్తే రానీ అనుకుంది. గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచింది.

"ఖే! ఖే! ఖే! చిరుతా! పరుగెత్తండీ!"

ఆ అరుపుకి గుట్టలు మారుమోగాయి. మంద మొత్తం ఒక్క దూకుతో చెదిరిపోయింది. వెంకాయమ్మ వెనక కాలికి చిరుత పంజా వెంట్రుకవాసిలో తప్పింది. నోటికాడ కూడు పోయిందన్న కోపంతో చిరుత ఎదురుగా కనపడ్డ నేరేడుచెట్టు మీదికి ఎగబాకింది. దొరబాబు బెదిరి పక్క చెట్టుకి దూకాడు. ప్రాణం దక్కింది గానీ తోక సగం చిరుత పంజాలో ఉండిపోయింది.

దూకిన విసురుకి బుగ్గలు కొమ్మకి కొట్టుకున్నాయి. మట్టిపెళ్ళలు, ఎండుటాకులు జలజలా రాలి కింద పడ్డాయి. చిరుత వెళ్ళిపోయాక అడవంతా వచ్చి చూసింది. ఒక్క శనగగింజ లేదు.

సూరన్న బూరుగుచెట్టు కిందికి వచ్చాడు. కొమ్ములు నేలకి ఆనేలా తల దించాడు. "తప్పు మాదేనమ్మా. పాపం, ఆకలితో ఉన్నావు. దిగిరా, ఏదైనా తిందువుగాని" అన్నాడు.

"జాలి వద్దు సూరన్నా" అంది మంగతాయి పైనుంచే. "నాకు పని ఇస్తావా, ఇవ్వవా? అది చెప్పు. ఇస్తే రోజు కూలి ఆ నేరేడుచెట్టు. పై కొమ్మల పళ్ళు నావి, రాలిన పళ్ళు మీవి. ఇంకొకటి. ఇకమీదట కొత్తగా వచ్చినవాళ్ళ బుగ్గలు చూడకు. ఏం చేయగలరో అడుగు."

"ఆ రోజే చెప్పాను, విన్నావా?" అని వెంకాయమ్మ సూరన్నని కొమ్ముల మధ్య మూతితో పొడిచింది. సూరన్న అన్నింటికీ సరేనన్నాడు.

మర్నాడు గోరింక నేరేడుకొమ్మ మీద వాలి, "మంగతాయి గారూ, బాగున్నారా అండి?" అంది.

"గారు వద్దులే. నా బుగ్గలు ఖాళీ కాగానే తీసేసే గారు నాకెందుకు? మంగతాయీ అను, చాలు."

సాయంత్రానికి దొరబాబు వచ్చాడు. సగం తోక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు.

మంగతాయి పండిన కొమ్మ వాడి వైపు వంచింది. "ఈ మాట పది రోజుల ముందు అనుంటే తోక మిగిలేదిరా. తిను. రేపు ఆ వైపు కాపలా నీది. అరవడం వచ్చు కదా?"

"వచ్చక్కా!" అని దొరబాబు గట్టిగా అరిచాడు.

తొలకరి పడ్డాక మంగతాయి నాలుగు రోజులు సెలవు చెప్పి తుమ్మలమెట్టకి వెళ్ళింది. రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. కోటప్ప చూసి, "ఏమ్మా, పళ్ళికిలించుకుంటూ వచ్చేశావా?" అన్నాడు.

మంగతాయి నేరేడుపళ్ళు ఒక్కొక్కటే తీసి ఆయన ముందు కుప్ప పోసింది. ఆఖరి పండు కూడా తీసి, ఊదారంగు తేలిన నోటితో చెప్పింది.

"అన్న మాట ప్రకారం పళ్ళు పట్టుకునే వచ్చాను మావయ్యా. తిను. పొద్దుపోకముందే బయల్దేరాలి, ఎల్లుండి నాకు పని ఉంది."

నీతి: లేదని చెప్పుకోవడంలో సిగ్గు లేదు. లేమిని దాచడానికి నోరు మూసుకున్నవాడికి, ప్రాణం మీదికొచ్చినా ఆ నోరు పెగలదు. నోరు తెరిచి పని అడిగినవాడే కొత్తచోట నిలదొక్కుకుంటాడు.