రేవులో జమ్ము దీపం

అనగా అనగా, గోదారి నడిమధ్యన ఓ లంక ఉండేదిరా బుజ్జీ. కాళ్ళు ముడుచుకుని ఇటు జరుగు. ఆ లంక రేవులో నీళ్ళ కింద రాళ్ళు. ఎన్ని లాంతర్లు పెట్టినా గాలికి ఆరిపోయేవి.

అక్కడ నూకరత్నం అని ఒకావిడ. ఆవిడ పెనిమిటి భద్రం పడవ నడిపేవాడు. ఆయన క్షేమంగా రావాలని రత్నం ఓ పని నేర్చుకొచ్చింది. రేవు పక్క బురదలో జమ్ము గడ్డి నాటింది. వేళ్ళ దగ్గర బొగ్గుముక్కలు పాతి, వాటికి తీగలు కట్టి, గుంజ మీద చిన్న బల్బు పెట్టింది. జమ్ము ఎండ తాగి వండుకున్న తిండి కాస్త వేళ్ళలోంచి బురదలోకి వదుల్తుంది. అక్కడ కంటికి కనపడని ప్రాణులు అది తిని కరెంటు పుట్టిస్తాయి. అప్పుడు బల్బు వెలిగింది. గాలికి ఆరలేదు. దాన్ని చూసుకునే భద్రం రాళ్ళు తప్పించుకొచ్చేవాడు.

అప్పుడు లంకంతా దణ్ణాలు పెట్టింది. మొక్కలోంచి వెలుగంటే అమ్మవారేనని, రత్నానికి వరసకి అత్తయ్యే పక్కింటి మంగాయమ్మ బిందెడు పసుపునీళ్ళు పోసింది. మర్నాటికి వెలుగు తగ్గింది.

"అత్తా, పసుపు పడితే బురదలో ప్రాణులు చస్తాయి. ఉత్త నీళ్ళు చాలు" అంది రత్నం.

"నిన్నటిదాకా పీతలు పట్టినదానివి, నాకు పూజ నేర్పుతున్నావా" అంది మంగాయమ్మ.

ఆ తర్వాత అమ్మవారికి కోపమొచ్చిందని పాలు పోశారు. పాలు విరిగి బురద కంపుకొట్టింది. వెలుగు మిణుగురంత అయింది. రత్నం జమ్ము చుట్టూ ముళ్ళకంప కట్టింది.

ఆ తర్వాత దిష్టి తగిలిందన్నారు. కొత్త జమ్ము పిలకల కోసం రత్నం లంక చివరికెళ్ళిన పూట, కంప తీసి, దిష్టి తీసిన ఉప్పు గంపెడు జమ్ము మొదట్లో గుమ్మరించారు. ఆవిడ తిరిగొచ్చేసరికి ఉప్పు కరిగిపోయింది, బల్బు ఆరిపోయింది.

ఆ సాయంత్రమే గాలివాన. భద్రం పడవ ఇంకా గోదారి మీదే ఉంది. లాంతరు వెలిగిస్తే నిలవలేదు. రత్నం ఒడ్డున నిలబడి గొంతు పోయేదాకా కేకలేసింది. తెల్లారి రాళ్ళ మీద పడవ చెక్కలు దొరికాయి. భద్రం దొరకలేదు.

లేదురా నాన్నా, బతికొచ్చాడని చెప్పను. రాలేదు. నేనూ దేవుణ్ణి నమ్మేదాన్నే. వాళ్ళూ నమ్మినవాళ్ళే, ప్రేమగానే పోశారు. అదే నాకు మింగుడుపడదు.

దినాలు అయ్యాక రత్నం మళ్ళీ బురదలో దిగింది. ఉప్పుమట్టి తవ్వి పారబోసి, కొత్త పిలకలు నాటింది. మంగాయమ్మ ఉత్త చేతుల్తో వచ్చి ఒడ్డున నిలబడింది.

"ఇంకెవరి కోసమే, రత్నం?" అంది.

"రేపట్నుంచి పడవ నడిపేది నీ కొడుకేగా అత్తా" అంది రత్నం, తల ఎత్తకుండా.

కథ కంచికి,
కునుకు కంటికి.